మంచం పక్కన నీడ

ఇంకా కట్టని ఇళ్లకు కంప్యూటర్‌లో గదులు తయారుచేసి, అచ్చం ఫోటోల్లా కనబడేట్టు చెయ్యడం నా వృత్తి. ఆ సాయంత్రం మాత్రం చేస్తున్నది మా చెల్లెలి పడకగది. మా వీధి చివరే కొత్తగా అద్దెకు దిగింది. సామాను ఇంకా రాలేదు, నేలమీద ఒక పరుపు తప్ప. మంచం ఎక్కడ పడుతుందో, బీరువా ఎక్కడ పడుతుందో చూపించమని నా ప్రాణం తీస్తోంది.

మొదటి బొమ్మ పంపగానే ఫోన్ చేసింది.

"సబ్బుల ప్రకటనలా ఉందే అక్కా! నా గదికి అంత వెలుగెక్కడిది? ఫోన్‌తో ఫ్లాష్ కొట్టి తీసినట్టు చెయ్యి, అప్పుడు నమ్ముతాను."

"ఊరికే చేసిపెడుతుంటే ఎన్ని వంకలైనా పెడతావులే."

నిజానికి పెద్ద పనేం కాదు. గదిలో దీపాలన్నీ ఆర్పేసి, గుమ్మంలో పెట్టిన కెమెరా పక్కనే ఒక చిన్న తెల్లటి దీపం వెలిగిస్తే చాలు. ముందున్నవి పాలిపోతాయి, మూలలు నల్లబడతాయి, ప్రతి వస్తువు వెనకా గోడమీద గట్టి నీడ పడుతుంది.

బొమ్మ వచ్చింది. మంచం నీడ ఉంది. బీరువా నీడ ఉంది. రెంటి మధ్యా ఇంకొకటి... నిలువుగా, సన్నగా, భుజాలతో.

కంగారు పడలేదు. మా పనిలో ఇది మామూలే. కొన్ని వస్తువుల్ని కెమెరాకు కనబడకుండా దాస్తాం, వాటి నీడను దాచడం మరిచిపోతాం. ఏదో పాత పనిలో వాడిన మనిషి బొమ్మ ఉండిపోయిందనుకున్నాను. వెతికాను. లేదు. మంచం, బీరువా కూడా తీసేసి, ఉత్త గోడలతో మళ్లీ వేశాను.

ఖాళీ గదిలో ఆ నీడ ఒక్కటే ఉంది.

దీపాన్ని కెమెరాకు అటుపక్కకు మార్చాను. నీడ ఇటు జరిగింది. రెండు నీడల నుంచీ రెండు దీపాలకూ గీతలు గీస్తే, అవి కలిసేచోటే వస్తువు ఉన్నట్టు. గీశాను. కలిశాయి. చెల్లెలు పరుపు వేసుకున్న చోటు పక్కనే.

ఏమీ కదపకుండా మరోసారి వేశాను. నీడ పెద్దదైంది. అంటే... దీపానికి దగ్గరగా వచ్చింది.

చెయ్యి ఊరుకోక ఇంకో బొమ్మకు మీట నొక్కాను. అంతలో ఫోన్.

"అక్కా..." గుసగుసగా అంది. "అక్కడ మెరుపులొస్తున్నాయా?"

"లేదే."

"ఇక్కడ మెరుస్తోంది. బయట కాదు... గదిలో. నాలుగుసార్లు."

ఫ్లాష్‌తో నేను వేసినవీ అప్పటికి నాలుగే. ఐదోది ఇంకా తయారవుతోంది.

"లేచి బయటికి వచ్చెయ్. ఇప్పుడే."

"ఎందుకే?"

"గుమ్మం దాకా రాకముందే."

"ఎవరు?"

"రావే!" అని అరిచాను.

చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చింది. తలుపు గడియ పెట్టి, కూర్చోబెట్టి, నీళ్లిచ్చాను. గటగటా తాగేసింది.

"నీకూ నీ బొమ్మలకూ ఒక దండం," అంది. "ఆ అరుపుకి ఫోన్ కూడా పరుపుమీదే పడేసి వచ్చాను."

"పోతే పోయింది. రేపు పగలు తెచ్చుకుందాం."

బల్లమీద నా ఫోన్ మోగింది. చెల్లెలి నంబరు.

ఇద్దరం కదల్లేదు. మోగుతూనే ఉంది...

కంప్యూటర్‌లో ఆఖరి బొమ్మ పూర్తయి ఉంది. గోడంతా నీడే. మోచెయ్యి మడిచి, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని.