పాయింటును పట్టేసిన జిగురు

ఇంజను సిమెంటు నేల మీద ఒరిగి పడి ఉంది. పొగగొట్టం విరిగింది. రెండు చక్రాలు ఊడి బల్ల కిందికి దొర్లాయి.

క్లబ్బును స్థాపించిన పెద్దాయన బతికి ఉండగా స్వహస్తాలతో ఇత్తడిలో మలచిన ఇంజను అది. పెన్సిల్వేనియాలోని ఆ బొగ్గు పట్టణంలో, లూథరన్ చర్చి నేలమాళిగలో ఉన్న ఈ బుల్లి రైళ్ల క్లబ్బు మరునాడే జనానికి తలుపులు తెరవాలి.

రైల్వే పోలీసు డిటెక్టివ్‌గా పనిచేసి రిటైరైన నోరా ట్రెక్స్‌లర్ బల్ల అంచుకు వంగి టార్చి వేసింది. అక్కడ పట్టా రెండు దారులుగా చీలుతుంది. దారి మార్చే పాయింటును వేలితో నెట్టింది.

కదలలేదు. పట్టాల చుట్టూ పోసే బుల్లి కంకరను అంటించే జిగురు దాని సందులో గడ్డకట్టింది. పాయింటు సగంలో ఆగిపోవడంతో ట్రయల్ రన్‌లో ఇంజను పట్టా తప్పి బల్ల మీంచి పడింది.

"ఇందులో దర్యాప్తు చెయ్యడానికేముంది?" అధ్యక్షుడు గ్రాంట్ రీగల్ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. "అక్కడ కంకర పోసింది ఎల్వుడ్. చేతులు వణుకుతున్నాయి, ఇక మానెయ్యవయ్యా అంటే వినడే! ఇవాళ క్లబ్బు తాళంచెవి ఇచ్చెయ్యాల్సిందే."

వృద్ధుడైన ఎల్వుడ్ స్టాఫర్ జేబులోని తాళంచెవిని గట్టిగా పట్టుకున్నాడు. అది పోతే ఇక ఆయన కూడా బల్ల చుట్టూ కట్టే తాడుకు అవతల నిలబడి చూసిపోయే జనంలో ఒకడు.

"పాయింటుకు నూనె రాశారా?" నోరా అడిగింది.

"రాయకుండా ఎవడైనా జిగురు ముట్టుకుంటాడా? జిగురు అంటకుండా నూనె చుక్క పెట్టాను. ఆ సందులో ఒక్క రేణువు పొయ్యలేదు. ఆరేదాకా అటూ ఇటూ కదుపుతూనే ఉన్నాను."

"జిగురు ఇంకడానికి కంకరను దేనితో తడుపుతారు?"

"స్పిరిట్‌తో."

"సబ్బు నీళ్లతో?"

"సబ్బా? నేనేమన్నా గిన్నెలు తోముతున్నానా?"

క్లబ్బుకు బుల్లి చెట్లూ కొండలూ తయారుచేసే డోరీన్ హాక్ నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే తెగిపోయింది.

నోరా భూతద్దం తీసింది. గడ్డకట్టిన జిగురు నిండా సూదిమొనలంత గుంటలు.

"ఇవి బుడగలు. సబ్బు నురగ ఆరితే ఇలా గుంటలు మిగులుతాయి. స్పిరిట్‌తో పడవు. ఈ జిగురు ఎల్వుడ్ వేసింది కాదు."

గ్రాంట్ ఆగాడు. "అంటే... ఎవరో కావాలనే చేశారా?"

నోరా భూతద్దంతో పట్టా వెంబడి నడిచింది. సొరంగం. వంతెన. స్టేషను. ఈ ఏడాది ఎల్వుడ్ కంకర పోసిన ప్రతి చోటా అవే గుంటలు.

సబ్బు మాట దగ్గర తెగిపోయిన డోరీన్ నవ్వు ఆమెకు గుర్తొచ్చింది. నిజం దొరికింది. ఎల్వుడ్ ముందు దాన్ని చెప్పడానికి నోరు రాలేదు. చెప్పకపోతే మాత్రం నిర్దోషి మీద నింద నిలిచిపోతుంది.

"డోరీన్, నువ్వు చెబుతావా? నన్ను చెప్పమంటావా?"

డోరీన్ ఎల్వుడ్ వైపు చూడలేకపోయింది.

"ఆయన పోసిన కంకర సరిగా అంటేది కాదు. ఆయన ఇంటికి వెళ్లాక నేను కుంచెతో సర్ది, సబ్బు నీళ్లు చల్లి, మళ్లీ జిగురు వేసేదాన్ని."

"ఎంత మేరకు?"

"ఈ ఏడాది పోసిందంతా."

"మరి పాయింటు?"

"ఇంతకుముందు ఎప్పుడూ ముట్టుకోలేదు. అదీ మామూలు పట్టాలాంటిదే అనుకున్నా. నూనె సంగతి, కదపాలన్న సంగతి నాకు తెలియదు."

"ఎందుకు చెప్పలేదు?" గ్రాంట్ గొంతు తగ్గింది.

"చెబితే ఈయన రావడం మానేస్తాడుగా."

ఎల్వుడ్ లేచాడు. వంతెన దగ్గరికి వెళ్లి, సమంగా పరిచిన కంకరను వేలికొనతో తాకాడు.

"చర్చిలో ప్రతివాడినీ పిలిచి చూపించానే దీన్ని," అన్నాడు. "నా పనే అనుకుని."

ఆయన తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. గ్రాంట్ దాని వైపు చూశాడు కానీ చెయ్యి చాచలేదు.

ఎల్వుడ్ కుర్చీని పాయింటు దగ్గరికి లాక్కున్నాడు.

"గోరువెచ్చటి నీళ్లు తీసుకురా, డోరీన్. ముందు ఆ జిగురు నానాలి. ఆ తర్వాత పాయింటు పని చెబుతాను. చెయ్యి నీది, నోరు నాది."

"తిడతావా?"

"తిట్టకుండా నేర్పడం నాకు చేతకాదు. త్వరగా రా."