మైసమ్మ కట్ట మీద మొదటి బంతి

"ఏంటండీ, పన్నెండున్నరకల్లా వడ్డించమంటే ఇంకా గరిట పట్టుకుని దిక్కులు చూస్తున్నారు?"

ఆ మాట అన్న అమ్మాయి పేరు నవ్యశ్రీ. అనిపించుకున్న కుర్రాడి పేరు పరమేష్. స్థలం శామీర్‌పేట చెరువు కట్ట. రెండువేల రెండులో ఆషాఢం మొదటి ఆదివారం. ఆషాఢమైనా వాన పత్తా లేదు. చెరువులో కొంగలు ఒంటికాలి మీద ఎందుకు నిలబడ్డాయంటే, వేడి నీళ్లకు కాలిన రెండో కాలు చల్లారబెట్టుకోవడానికి. నమ్మనివాళ్లు వెళ్లి కొంగల్నే అడగవచ్చు.

పరమేష్ గరిటను చూసుకున్నాడు. అమ్మాయిని చూశాడు. ఇక గరిట సంగతి మరిచిపోయాడు.

"మీరు... ఎవరు మేడం?"

"టూర్ ఆర్గనైజర్ని! పేట్ బషీరాబాద్ నుంచి. నీలం షామియానా అని మీ ఓనరుకి ఫోన్లో చెప్పానుగా? బస్సు నిండా జనం ఆకలితో ఉన్నారు. వాళ్ల ముందు నా పరువు తీయకండి, ప్లీజ్."

చివరి మాట దగ్గర ఆమె చేతులు జోడించింది. జోడించదూ మరి! కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఆమె తండ్రి రాజారావుగారు ఇచ్చింది ఒకే ఒక్క అవకాశం. కాలనీవాళ్లను ఒకరోజు యాత్ర తిప్పి, అందరిచేతా బాగుందనిపిస్తే ట్రావెల్స్ ఆఫీసు పెట్టుకోవచ్చు. లేదంటే కాకినాడలో మేనత్త చూసిన సంబంధానికి తలవంచాలి. పైగా ఆయన తానూ బస్సెక్కి, మొదటి సీట్లో ఇన్విజిలేటరులా కూర్చున్నారు. పొద్దున కీసరగుట్ట గట్టెక్కింది. ఇప్పుడు భోజనం. ఆ తర్వాత జింకల పార్కు.

అసలు సంగతేమిటంటే, ఆ షామియానా వంటవాళ్లది కాదు. పరమేష్ మేడ్చల్‌లో బోరు మోటార్లు బాగుచేస్తాడు. అద్దెకు తిప్పుదామని కొత్తగా జీపు కొన్నాడు. కట్ట మైసమ్మకు మొక్కు తీర్చి, యాటను కోసి, చుట్టాల కోసం అవ్వ చేత వంట చేయించాడు. చుట్టాలింకా రాలేదు. నవ్యశ్రీ మాట్లాడిన వంటవాళ్లు కట్టకు ఆ చివరన ఉన్నారు. వాళ్ల షామియానా కూడా నీలమే.

నిజం చెప్పేద్దామని పరమేష్ నోరు తెరిచేసరికి కాలనీ జనం చాపల మీద బారుగా కూర్చుని, విస్తళ్లు కూడా పరుచుకున్నారు.

వెనక నుంచి అవ్వ దుర్గమ్మ అతని అంగీ పట్టుకుని గుంజింది. "నోర్మూసుకొని వడ్డియ్‌రా. మైసమ్మ కాడ బంతిల కూసున్నోళ్లను లేపుతరార ఎవలన్న?"

"అవ్వా, మనోళ్లు వస్తాన్రు గదనే!"

"వచ్చినప్పుడు సూద్దాం. ఆ పిల్ల మొకం సూడు, ఎంత పరేషానైతాందో."

అవ్వ చూడమన్న వైపు మనవడు అప్పటికే చూస్తున్నాడు.

వడ్డన మొదలైంది. నవ్యశ్రీ విస్తట్లోకి తొంగిచూసి అదిరిపడింది. "నేను చెప్పింది పులిహోర, గుత్తివంకాయ కదా? మటన్ ఎలా వచ్చింది?"

"స్పెషల్ మేడం. మిమ్ముల సూడంగనే వంకాయ గిట్ల మారింది."

"జోకులా? మీ ఓనరుతో మాట్లాడతా ఉండండి!"

ఇంతలో వరస చివర నుంచి రాజారావుగారి గొంతు. "అబ్బాయ్, ఇలా ఇంకొంచెం. ఎముకలున్నది చూసి వెయ్."

"నల్లిబొక్కనా సార్?"

"అదే, అదే!"

పక్కనే భార్య లలితకుమారి మోచేత్తో పొడిచింది. "మీకు బీపీ ఉందండీ."

"ఆదివారం దానికీ సెలవే."

నవ్యశ్రీకి ప్రాణం లేచివచ్చింది. ఇన్విజిలేటరే విస్తరి నాకేస్తుంటే ఇంకేం కావాలి? ఆ ఉత్సాహంలో పరమేష్‌ను పరుగులు పెట్టించింది. నీళ్లేవి, పెరుగేది, ఆ పెద్దాయనకు అన్నం వేయండి. అతను "జీ మేడం" అంటూ కట్టంతా తానే అయి తిరిగాడు.

అప్పుడు రెండు సంగతులు ఒకేసారి జరిగాయి. ఆ చివర నుంచి వంటవాడు చెమటలు కక్కుతూ పరుగెత్తుకొచ్చి, "అమ్మా, పులిహోర చల్లారిపోతుంది, మీవాళ్లెక్కడ?" అన్నాడు. ఈ చివర నుంచి ఓ ట్రాక్టరు డబడబమంటూ పరమేష్ చుట్టాలందరినీ దించింది.

నవ్యశ్రీ చూపు వంటవాడి నుంచి ట్రాక్టరుకు, ట్రాక్టరు నుంచి ఖాళీ గిన్నెలకు వెళ్లి, చివరికి పరమేష్ మీద ఆగింది.

"మీరు... క్యాటరింగ్ కాదా?"

"మోటర్ మెకానిక్‌ని మేడం. గీ గరిట మా అవ్వది."

"మరి ముందే ఎందుకు చెప్పలేదు?"

"మీరు సందిస్తె గద!"

ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడుస్తుందేమోనని అతను కంగారుపడ్డాడు. చేతులు తీసేసరికి ఆ కళ్లలో మెరుపు! "మీ చుట్టాలు గుత్తివంకాయ తింటారా?"

ఇంకేముంది, ఆ చివరి గిన్నెలన్నీ కొత్త జీపెక్కి ఈ చివరికి వచ్చాయి. నవ్యశ్రీ కొంగు బిగించి తానే వడ్డించింది. మేనమామ గౌరయ్య విస్తరంతా వెతికి, "యాటకూర ఏదిరా?" అన్నాడు. బొబ్బట్టు నోట్లో పడ్డాక మరి అడగలేదు.

"జింకల పార్కు దాకా మాతో రండి" అంది ఆమె చేతులు కడుక్కుంటూ. "దారి తెలీకకాదు. ఇంత జరిగాక మిమ్మల్ని ఇక్కడే వదిలేసి వెళ్లాలని లేదు."

ఆ మాట పూర్తయ్యేలోపే అతను బస్సెక్కాడు. ఎక్కినవాడు ఊరుకున్నాడా? మైకు అందుకున్నాడు.

"గీ చెర్వుల ఒక షాప ఉన్నది సార్, మీరనే చేప. అది ఆవలిస్తె నీళ్లు జానెడు దిగుతయ్. ఎండకాలం చెర్వు ఎండుడు గాదు, దానికి నిద్ర ఎక్కువైతది."

బస్సంతా గొల్లుమంది. నవ్యశ్రీ గుసగుసగా కసిరింది. "టూరిస్టులకి అబద్ధాలు చెప్పకూడదు."

"అబద్ధం గాదు మేడం, జర పెద్దగ జేసిన నిజం."

పార్కులో ఒక్క జింకా కనబడలేదు. పిల్లలు గునిసారు, పెద్దలు గడియారాలు చూసుకున్నారు. రాజారావుగారి కనుబొమలు ముడిపడ్డాయి. సరిగ్గా అప్పుడే, ఎన్నాళ్లనుంచో దాచుకున్నట్టుగా, ఆకాశం ఒక్కసారి వానను కుమ్మరించింది. ఆ చినుకుల లావు చెబితే మీరు నమ్మరు గానీ, ఒక్కో చినుక్కి ఒక్కో చెంబు నిండేది. జనం రేకుల కప్పు కిందికి ఉరికారు. ఆ అలికిడి సద్దుమణగగానే పొదల్లోంచి ఒక జింక, దాని వెనక మరొకటి, ఆపైన మంద మొత్తం, మెరిసే వీపులతో వానలోకి నడిచి వచ్చాయి.

పిల్లలు పెద్దల భుజాలెక్కారు. పరమేష్ జింకలకేసి చూడలేదు. కప్పు కింద చోటు దొరకని నవ్యశ్రీ తలమీద బస్సులోంచి తెచ్చిన టార్పాలిన్ పట్టుకుని, తాను మాత్రం తడుస్తూ నిలబడ్డాడు.

"ఒక్క నిజం చెప్పండి" అంది ఆమె, ముందుకే చూస్తూ. "పెద్దగా చేయకుండా."

"మీరు వచ్చి కోపం జేసినంక గరిట కిందవడకుంట పట్టుకునుడే మస్తు కష్టమైంది."

ఆమె టార్పాలిన్ అంచు పట్టుకుని అతని తల మీదికి కూడా లాగింది.

యాత్ర అదిరిపోయింది. ఆఫీసుకు రాజారావుగారు సరేనన్నారు. మర్నాటికే వచ్చే ఆదివారం బస్సు నిండింది. కానీ అందరిదీ ఒకటే షరతు: భోజనం మాత్రం ఆ ముసలమ్మ చేతిదే కావాలి!

మంగళవారం తండ్రీకూతుళ్లు, లలితకుమారితో సహా, మేడ్చల్ వెళ్లారు. దుర్గమ్మ అంతా విని తల అడ్డంగా ఊపింది.

"తెల్వక కూసున్నరు, పెట్టిన. పైసలకు బువ్వ అమ్ముడు మా ఇంట్ల లేదు బిడ్డా. చుట్టాలకైతె అడగకుంటనే పెడ్త."

మూలన మోటారు విప్పుతున్న పరమేష్ చేతిలో స్పానరు ఆగింది. నవ్యశ్రీ బుగ్గలు ఎర్రబడ్డాయి. రాజారావుగారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. ఆయన అమాయకుడేం కాదు. టార్పాలిన్ కింద రెండు తలలు చూసినప్పటి నుంచి ఆయనకు నిద్ర పట్టడం లేదు.

"లలితా, కాకినాడ ఫోన్ చేసి ఆ సంబంధం వద్దని మా అక్కకు చెప్పు."

"కూర కోసం కూతుర్ని ఇచ్చేస్తారా?"

"కూర కోసం కాదే. ముక్కూ మొహం తెలీని బస్సెడు జనం వచ్చి కూర్చుంటే, తమవాళ్ల తిండి తీసి పెట్టిన ఇల్లిది. మనమ్మాయికి ఇక్కడ ఏం తక్కువవుతుంది?"

"నన్నెవరైనా అడిగారా?" అంది నవ్యశ్రీ.

"ఇప్పుడు అడుగుతున్నాగా, తల్లీ!"

"మీరు కాదు నాన్నగారూ." ఆమె మూలకు చూసింది. "అడగాల్సినవాళ్లు అడగాలి."

పరమేష్ లేచాడు. చేతులకు గ్రీజు, మొహం నిండా చెమట.

"నవ్యా... నాతోని ఉంటవా?"

"ఉంటాను."

దుర్గమ్మ మనవడిని పక్కకు తోసి, పిల్ల చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది.

"లగ్గం సంగతి శ్రావణంల సూద్దాం. ముందుగాల గిది చెప్పవే పిల్లా, వచ్చే ఐతారం బస్సుల ఎంతమంది వస్తాన్రు?"