పచ్చ అంటే ఏ పచ్చ?

"మేడం, మా ఐదెకరాల్లో రాత్రికి రాత్రే అడవి మొలిచింది. కొట్టించమంటారా, ఉంచమంటారా?"

భూ వినియోగ ప్రణాళిక ఆఫీసులో మ్యాపులు గీసే అమ్మాయి తలెత్తి చూసింది. బురద చెప్పులు, చంకలో చుట్టిన మ్యాపు, మొహం నిండా వెటకారం. ఇవన్నీ కలిపి ఒక్క యువరైతు.

"ఆకుపచ్చ అంటే అడవి కాదండీ. ప్రకృతి రక్షణ ప్రాంతం. దున్నకూడదు, అంతే."

"అంతేనా! దున్నకపోతే మేం ఏం తినాలి? సాగు భూమికి పసుపు రంగు అని మీ మీటింగులోనే చెప్పారుగా?"

"నేను ఫోన్ చేసి అడిగితే పచ్చ వేయమన్నది ఎవరు?"

"నేనే. పసుపుపచ్చ!"

"పచ్చ అంటే ఎవరైనా ఆకుపచ్చే అనుకుంటారు."

"పచ్చకామెర్ల వాడికి లోకమంతా ఏ రంగులో కనిపిస్తుంది మేడం?"

ఆమె అతని మ్యాపు లాక్కుని టేబుల్ మీద పరిచింది. పక్క టేబుల్ టైపిస్టు కిసుక్కున నవ్వింది.

తప్పు తనదేనని మ్యాపు గీసిన ఆమెకి తెలిసిపోయింది. శుక్రవారం అభ్యంతరాల విచారణ. ఆలోపు సరిచేయకపోతే మ్యాపు ఖాయమైపోతుంది, ఆ ఇంటివాళ్ళు సొంత పొలంలో నాగలి పెట్టలేరు. సరిచేయాలంటే ముందు పొలం చూసి రావాలి. మర్నాడే బయల్దేరింది.

వెళ్ళేసరికి వాన. ఉన్నది ఒకే గొడుగు, అదీ ఆమెదే.

"గట్టు జారుతుంది, చూసుకుని నడవండి," అంటూనే అతను జర్రున జారి కూలబడ్డాడు. ఆమె నవ్వాపుకోలేకపోయింది. లేవడానికి చెయ్యిచ్చింది. లేచాక ఆ చెయ్యి వదలడం ఇద్దరికీ కాసేపు గుర్తురాలేదు.

పొలం దిగువన అరెకరంలో నీళ్ళు నిలిచి తుంగ పెరిగింది. లోపల నీటిపక్షుల గూళ్ళు. ఒక తల్లిపక్షి నాలుగు పిల్లల్ని రెక్కల కింద దాచుకుని వీళ్ళని గుర్రుగా చూసింది.

"పైనంతా పసుపు వేసేస్తాను. ఈ అరెకరం మాత్రం ఇలాగే ఉండనివ్వండి," అంది ఆమె.

"బాగుంది! తప్పు మీది, జరిమానా మాకా?"

"ఈ వాననీళ్ళన్నీ ఎటు పోతున్నాయో చూడండి. ఇటే కదా. దీన్ని పూడిస్తే మీ పైపొలం మునుగుతుంది."

అతను నీళ్ళవంక, పిల్లలవంక, చివరికి ఆమెవంక చూశాడు. "ఈ వేసవికి పూడ్చేద్దామని నాన్న పట్టుదల. పొలం ఆయన పేరునే ఉంది. ఆయనకెవరు చెప్తారు?"

"నేను చెప్తాను. తప్పు నాదని కూడా చెప్తాను."

అట్నుంచటే వాళ్ళింటికి వెళ్ళి చెప్పింది. పెద్దాయన ఎగాదిగా చూశాడు.

"మావాడు పుట్టి ముప్పయ్యేళ్ళయింది, ఒక్క తప్పూ ఒప్పుకున్న పాపాన పోలేదు. నువ్వు వచ్చి మూడు నిమిషాలు కాలేదు, ఒప్పేసుకున్నావే! సరేనమ్మా. అరెకరం సంగతి మాత్రం ఆలోచించి, విచారణలోనే చెప్తాం."

ఆ తర్వాత రోజూ ఫోన్లే. మొదట సర్వే నంబరు గురించి. తర్వాత పక్షిపిల్లల గురించి. గురువారం మరీను.

"అక్కడ వాన పడుతోందా?"

"ఇది అడగడానికి ఫోన్ చేశారా?" అంటూనే ఆమె లేచి కిటికీలోంచి చూసింది. చుక్క లేదు. "పడుతోంది," అంది. ఎందుకు అబద్ధమాడిందో ఆమెకే తెలియలేదు. శుక్రవారం దాటితే ఇతను ఫోన్ చేయడానికి సాకే ఉండదు.

విచారణ రోజు హాలు కిటకిటలాడింది. విచారణ అధ్యక్షుడు కళ్ళజోడు సవరించుకుని యువరైతు వైపు తిరిగాడు.

"నాలుగున్నర ఎకరాలు సాగుకి, అరెకరం పక్షులకి. మీ నాన్నగారు సంతకం పెట్టారు. మీ సంగతేమిటి? ఎవరైనా ఒత్తిడి చేశారా?"

"ఒత్తిడి లేదండీ. ఇష్టమే."

"పక్షులంటే అంత ఇష్టమా?"

అతను మ్యాపుల టేబుల్ దగ్గర కూర్చున్న ఆమె వైపు చూశాడు. "పక్షులన్నా ఇష్టమేనండీ."

హాలంతా గొల్లుమంది. ఆమె మొహం కందగడ్డయింది. పారిపోదామంటే గుమ్మం నిండా జనం.

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "అభ్యంతరాలున్నవాళ్ళు లేచి చెప్పండి."

పెద్దాయన లేచాడు. ఆమె పైప్రాణాలు పైనే పోయాయి.

"నాకేం అభ్యంతరం లేదయ్యా. అరెకరానికీ లేదు, మావాడి రెండో ఇష్టానికీ లేదు. కానీ ఇందాకట్నుంచీ మావాడినే అడుగుతున్నారు. ఆ అమ్మాయినీ అడగండి!"

అందరి తలలూ అటు తిరిగాయి. ఆమె లేచి నిలబడింది.

"నాకూ అభ్యంతరం లేదండీ," అంది, వెనక వరసదాకా వినపడేలా.