పన్నెండో వాత

ఆసుపత్రి వెనకవైపు, దుప్పట్లు ఉతికే గదికి ఆనుకుని ఉంటుంది శవాల గది. చిన్న డాక్టరు అక్కడ చేరి ఆరు నెలలు. కోటు జేబులో ఎప్పుడూ స్టీలు స్కేలు ఉండేది కాబట్టి అటెండరు అతన్ని ‘స్కేలు బాబు’ అనేవాడు. ముప్పై ఏళ్ళుగా ఆ గది తాళాలు మోస్తున్న ఆ అటెండరు అందరికీ మావయ్యే.

స్కేలు బాబుకి లెక్కలంటే మంచినీళ్ళు తాగినంత తేలిక. ఒక్కో శవపరీక్షకు ఎంతసేపు పట్టిందో గోడ క్యాలెండరు మీద పెన్సిలుతో వేసుకునేవాడు. పెద్ద డాక్టరుకి గంటన్నర పట్టేది. అతనికి యాభై రెండు నిమిషాలు, తర్వాత నలభై ఏడు. నలభై లోపు దించాలని పంతం.

ఆ సాయంత్రం బల్ల మీదికి వచ్చింది ముప్పై ఏళ్ళ ఆవిడ. మెట్ల మీంచి పడిందని భర్త చెప్పాడట. తలకు దెబ్బ ఉంది, ఎముక చిట్లింది. బోర్లా తిప్పితే వీపంతా ఊదారంగు.

“కోసి చూడు బాబూ,” అన్నాడు మావయ్య.

చనిపోయాక నెత్తురు కిందికి దిగి వీపున మచ్చ కడుతుంది. దాని మాటున దెబ్బలుంటే పైకి తెలియవు. అందుకే చిన్న గాటు పెట్టి నీళ్ళు పోస్తారు. కడిగితే పోయేది మామూలు మచ్చ. పోనిది దెబ్బ.

స్కేలు బాబు గడియారం చూశాడు. ముప్పై ఐదు నిమిషాలు. “నెత్తురు దిగిన మచ్చే మావయ్యా. చూస్తే తెలియట్లా?”

“నీకు తెలుస్తుందిలే. చదువులేనివాణ్ణి, నాకే కోస్తేగానీ తెలీదు.”

క్యాలెండరు మీద ముప్పై ఎనిమిది పడింది.

బయట బెంచీ మీద చనిపోయినావిడ అక్క కూర్చుని ఉంది. అతన్ని చూడగానే లేచింది. “డాక్టరు గారూ, మా చెల్లెలి వీపు చూశారా? వాడు చెయ్యి చేసుకునేవాడండీ. ఫోన్లో చెప్పి ఏడ్చేది.”

“చూశానమ్మా. కోసి మరీ చూశాను. ఏమీ లేదు.”

ఆ అబద్ధం అంత నున్నగా ఎలా జారిందో అతనికే అర్థం కాలేదు. ఆవిడ మెల్లగా కూర్చుంది. “అయితే పాపం నాదే. లేనిపోని అనుమానం పడ్డాను,” అంది.

మర్నాడు ఎనిమిదింటికి శవాన్ని భర్తకు అప్పగిస్తారు. రిపోర్టూ అప్పుడే వెళ్ళిపోతుంది. ఇక ఎవరూ ఏమీ చూడలేరు.

ఆవిడ మాట ముల్లులా గుచ్చుకుని రాత్రి కన్ను మూతపడలేదు. తెల్లారి ఆరింటికి, ఎవరూ రాకముందే, రెండో తాళంచెవి పుచ్చుకుని తన గదికి తానే దొంగలా వచ్చాడు. కిటికీ బయట మంచు. లోపల ఫినాయిలు వాసన, దాని అడుగున తడి ఇనుము వాసన. ఫ్రీజరు మోటారు ఆగి ఆగి గురక పెడుతోంది.

సొరుగు లాగాడు.

ఆవిడ బోర్లా పడుకుని ఉంది.

నిన్న వెల్లకిలా పడుకోబెట్టింది తనే...

లోపలి దెబ్బలు ఒక్కోసారి మర్నాటికి పైకి తేలతాయని చదువుకున్నాడు. తేలాయి. ఊదారంగు మీద ఎర్రటి జంట గీతలు, మధ్యలో తెల్లటి దారి. గుండ్రటి కర్రతో కొడితే పడే వాత అది. స్కేలు పెట్టాడు. పొడవు పద్నాలుగు సెంటీమీటర్లు. మధ్య దారి రెండు. అలాంటివి నాలుగు. రాసుకుని తలెత్తాడు.

ఐదు.

గోడవతల పరుపు దులిపినట్టు చప్పుడు. దబ్.

ఆరు.

పొరపడ్డానేమో... మొదటి నుంచి లెక్కపెట్టాడు. దబ్. ఏడు. దబ్... దబ్... దబ్. దబ్.

పదకొండు.

మోటారు ఆగిపోయింది. మూడుసార్లు లెక్కపెట్టాడు. పదకొండే. గాటు పెట్టి నీళ్ళు పోశాడు. నెత్తురు కదల్లేదు.

“కోసి చూశావా?” చెవి పక్కనే గుసగుస.

“లేదు,” అన్నాడు. “నిన్న... చూడలేదు.”

“ఎవరితో బాబూ, పొద్దున్నే కబుర్లు?” గుమ్మంలో మావయ్య, చేతిలో తాళాలగుత్తి. అప్పుడే వచ్చాడు.

ఎనిమిదింటికి రిపోర్టు మారింది. శవం కోసం వచ్చిన భర్త పోలీసు జీపెక్కాడు. అక్క పరుగున వచ్చింది. “నిన్న ఏమీ లేదన్నారు కదండీ?”

చెప్పాల్సిన క్షణం అదే. నోటిదాకా వచ్చింది కూడా.

“కొన్ని దెబ్బలు మర్నాటికిగానీ పైకి తేలవమ్మా,” అన్నాడు.

పుస్తకంలో ఉన్న నిజమే. దాని చాటున దాక్కున్నాడు.

“మీరు దేవుడు బాబూ!” ఆవిడ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. అతనికి తల కొట్టేసినట్టయింది. మావయ్య కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. నిన్న గాటు పెట్టలేదని అతనికి తెలుసు.

“పదకొండు వాతలమ్మా,” అన్నాడు స్కేలు బాబు, ఏదో ఒకటి అనాలని.

“పన్నెండండీ. పక్కింటావిడ ఇప్పుడు నోరు విప్పింది. గోడవతల నుంచి చప్పుళ్ళు లెక్కపెట్టిందట.”

ఇంటికి వెళ్ళి చొక్కా విప్పుతుంటే వీపు చుర్రుమంది. అద్దంలో చూసుకున్నాడు. ఎర్రటి జంట గీతలు. స్కేలు పెట్టకుండా ఉండలేకపోయాడు. పద్నాలుగు. మధ్య దారి రెండు.

బతికున్న ఒంటి మీద దెబ్బ రంగులు మారుస్తుంది. ఎరుపు, నీలం, వారం తిరిగేసరికి ఆకుపచ్చ, ఆ తర్వాత పసుపు. రెండు మూడు వారాల్లో జాడ ఉండదు. చనిపోయిన ఒంటి మీద మాత్రం రంగు మారదు. అతను రోజూ అద్దంలో చూసుకుని క్యాలెండరు మీద వేసుకున్నాడు. ఎరుపు. ఎరుపు. ఎరుపు.

ఇరవై మూడో రోజు, శవాల గది తలుపేసి, మావయ్యకు వీపు చూపించాడు.

“ఇవాళ్టి దెబ్బే ఇది. ఎవరు కొట్టారు బాబూ?”

“కడిగితే పోతుందేమో చూడు మావయ్యా.”

మావయ్య దూది తడిపి వీపు మీద చెయ్యి ఆనించాడు. చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. ఈ గదిలో ముప్పై ఏళ్ళుగా ఆ చేతికి అలవాటైన స్పర్శే అది.

“బాబూ...” అన్నాడు మెల్లగా, “నీ ఒళ్ళేంటి, ఇంత చల్లగా ఉంది?”