మసకగా పడిన చేయి

శివరాత్రి మర్నాడు ఉదయం. శావల్యాపురం వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో తిరిగింది.

తిరునాళ్ళలో ఎద్దులు లాగే ఎత్తైన ప్రభ బండి ముందు కనకలక్ష్మి. ఆమె మెడ దగ్గర ఒక చేయి. గాజులమ్మే అక్రంది. ఆ చేతి చుట్టూ ఎవరో ఎర్ర గుండ్రం గీశారు.

మెడలో గొలుసు లేదు.

మధ్యాహ్నానికల్లా అక్రం పోలీస్ స్టేషన్‌లో ఉన్నాడు. వరండాలో తల్లి ఏడుస్తోంది.

"కృష్ణ దాటి మీ అక్క దగ్గరికి పోదాం రా నాయనా. ఈ ఊరొద్దు."

"నేనేడికీ పోనమ్మా. పోతే దొంగనని ఒప్పుకున్నట్టే."

ఎస్సై ఇంద్రజ అడిగింది. "చెయ్యెందుకు చాపావు?"

"వెనకాల ఆడపిల్లలకి గాజులు చూపిస్తన్నా మేడం. పిన్నమ్మకి చానా దూరంలో ఉన్నా."

"దూరమా? ఫోటో కళ్ళెదుటుంది గదరా!" కనకలక్ష్మి భర్త త్రికోటేశ్వరరావు బల్ల మీద చరిచాడు. ప్రభా ఆయనదే, ఎద్దులూ ఆయనవే.

కనకలక్ష్మి బోసి మెడ తడుముకుంది. "మా అమ్మ పోయేముందు తన చేత్తో వేసిన గొలుసు మేడం. మళ్ళీ అమ్మ పోయినట్టుంది."

అప్పుడే లోపలికి వచ్చింది నీరజ. ఆ ఊరి పిల్లే. నరసరావుపేటలో ల్యాబ్ టెక్నీషియన్. సెలవు దొరికితే భుజాన కెమెరా.

"ఆ ఫోటో నేను తీసి గ్రూపులో పెట్టింది. నన్నడక్కుండా దాని మీద గీత గీసిందెవరు?"

"ఊళ్ళో పుట్టి ఊరికి ఎదురు చెప్తావేంది అమ్మాయ్?" త్రికోటేశ్వరరావు గదిమాడు.

"నా ఫోటో అబద్ధం చెప్తుంటే ఊరుకోను బాబాయ్. మీరలా మెట్ల మీద నిలబడండి."

గేటు దగ్గరున్న కానిస్టేబుల్ బెంజిమిన్‌ను చెయ్యి చాపమంది. తను స్టేషన్ లోపలికి, చివరి గోడదాకా వెళ్ళి, పొడవాటి టెలిఫోటో లెన్స్‌తో క్లిక్ చేసింది.

తెర మీద చూసి ఇంద్రజ నవ్వింది.

"ఏం బెంజిమిన్, పెద్దాయన కాలర్ పట్టుకున్నావేం?"

బెంజిమిన్ బెదిరిపోయాడు. "అయ్యో, నేను గేటు దగ్గరే ఉన్నా మేడం!"

"ఈ లెన్స్ దూరాన్ని మింగేస్తుంది. దూరం కనపడదు. కానీ మసక కనిపిస్తుంది." నీరజ అసలు ఫోటో పెద్దది చేసింది. "పిన్ని ముఖం మీద చెమట చుక్కతో సహా స్పష్టంగా ఉంది. అక్రం వేళ్ళు చూడండి, పొగలా ఉన్నాయి. పక్కనే ఉంటే వేళ్ళూ అంతే స్పష్టంగా పడేవి."

త్రికోటేశ్వరరావు తగ్గలేదు. "సరే, మరి గొలుసేదీ? గాలికి పోయిందా?"

ఇంద్రజ కెమెరా అందుకుంది. నీరజ ఆపకుండా వరసగా తీసిన ఫోటోలను ఒక్కొక్కటే వెనక్కి జరిపింది.

కనకలక్ష్మి ఎద్దు నుదుట బొట్టు పెట్టడానికి వంగింది. గొలుసు కిందికి వేలాడుతోంది.

తర్వాతి ఫోటోలో నిటారుగా నిలబడింది. గొలుసు లేదు.

"మధ్యలో దగ్గరున్నది ఎవరు?"

త్రికోటేశ్వరరావు తెర మీదికి వంగాడు.

"ఎద్దు. మనుషుల చేతులే వెతికారు. ఎద్దు మెడ ఎవరూ చూడలేదు." ఇంద్రజ తెర మీద వేలు పెట్టింది. మువ్వల పట్టెడ కుచ్చుల్లో సన్నని మెరుపు. "ఆ పట్టెడ ఎక్కడుంది?"

త్రికోటేశ్వరరావు ముఖం పాలిపోయింది. "తిరునాళ్ళవగానే విప్పి గోనెలో కట్టాం. అటక మీదుంది. మళ్ళీ శివరాత్రికే తీసేది."

గోనె వచ్చింది. మువ్వలు గలగలమన్నాయి. ఎర్ర కుచ్చుల్లో కొక్కెం చిక్కుకుని గొలుసు బయటపడింది. కనకలక్ష్మి దాన్ని కళ్ళకద్దుకుంది.

త్రికోటేశ్వరరావు లేచాడు. "దొరికిందిగా. ఇంక పోరా అబ్బాయ్."

అక్రం కదల్లేదు. "ఎట్టా పోను? నా చేతి చుట్టూ గీత ఇంకా గ్రూపులోనే ఉంది."

తల్లి భయంగా వాడి చొక్కా లాగింది. వాడు చూడలేదు.

నీరజ టెలిఫోటో విప్పి చిన్న లెన్స్ బిగించింది.

"ఇంకో ఫోటో గ్రూపులో పెడదాం. బాబాయ్, అక్రం పక్కన నిలబడండి. గొలుసు మీరే పట్టుకోండి."

ఆయన నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు.

నీరజ కెమెరా దించింది.

"ఈ లెన్స్ మనుషుల్ని దగ్గర చెయ్యదు బాబాయ్. మీరే జరగాలి."