దేవపాలు తెరిచిన ఫోల్డరు

ప్రొద్దుటూరులో మూతబడిన పత్తిమిల్లు మేడకు మంచి పేరు లేదు. ఎన్నికల ఏట ఆ మెట్ల మీద నాటుబాంబులు పేలి ఇద్దరు పోయారు. చీకటి పడితే రిక్షావాళ్ళు ఆ గోడ పక్కన బండి ఆపరు. అట్లాంటి చోటే ఒక పార్టీ వాళ్ళు ఫిర్యాదుల కేంద్రం పెట్టారు. అక్కడ పనిచేసిన మాబున్ని చెప్పిన సంగతి ఇది. పేర్లు మరిచిపోకముందే రాస్తున్నాను.

జనం ఫోన్లో చెప్పుకున్న బాధలన్నీ ఒకే ఫోల్డరులో ఉండేవి. ఏ కంప్యూటరు నుంచైనా తెరుచుకునేది — ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా చెరపొచ్చు.

రాళ్ళ క్వారీ నడిపే నాయకుని మీద వచ్చిన ఫిర్యాదులు అక్కడ రాసుకునేవాడు దేవపాలు. ఒక సాయంత్రం, కంప్యూటర్లు చూసుకునే దీవెనమ్మ అతనికి కొత్త పాస్‌వర్డు చీటీ మీద రాసిచ్చింది. చొక్కా జేబులో పెట్టుకుని జమ్మలమడుగు బస్సుకు బయల్దేరాడు.

బస్టాండు చేరలేదు. దారిలోనే నరికేశారు.

నెల తిరక్కముందే ఫిర్యాదులు మాయం కాసాగాయి... ఆ నాయకుని మీదవి మటుకే. చెరిపినవాని పేరు చూస్తే — దేవపాలు!

"ఆయప్ప వచ్చిపోతాండాడక్కా," మాబున్ని గుసగుసలాడింది. "ఆ పాస్‌వర్డు ఇంకెవరికి తెలుసు? ఆరు దాటితే నేనీడ ఉండను తల్లీ."

"కన్నతల్లి మాట గూడా చెరుపుతాడా?" అంది దీవెనమ్మ.

"చచ్చినోళ్ళకు అమ్మేంది, నాయనేంది!"

దేవపాలు తల్లి అన్నమ్మ, నరికినవాళ్ళ పేర్లు ఫోన్లో చెప్పింది. ఆ రికార్డు ఫోల్డరులోనే ఉంది. తర్వాత ఆమెకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మర్నాడు ఆ రికార్డు వినను కడప నుంచి అధికారి వస్తాడు. అంతవరకు ఫ్లాపీలోకి తీసి దాచుకుందామంటే అంత రికార్డు పట్టదు.

ఆ రాత్రి దీవెనమ్మ ఒక్కతే కూర్చుంది. ఫోల్డరు తెరిచేవాళ్ళ జాబితాలో ఒక్కొక్కరికీ చెరిపే హక్కు తీసేసి, చదివే హక్కు మటుకే ఉంచింది. దేవపాలు పేరు దగ్గర చెయ్యి ఆగింది. చర్చిలో ఏడాది ప్రార్థన ఇంకా కాలేదు. అంతలోపల పోయినవాని పేరు ఏ జాబితాలోనూ కొట్టెయ్యరాదని వాళ్ళ ఇంట్లో పట్టింపు. అట్లాగే వదిలేసింది.

తొమ్మిదింటికి తెర మీద కదలిక...

'దేవపాలు' ఫోల్డరు తెరిచాడు. ఒక ఫిర్యాదు పోయింది. ఇంకొకటి... మరొకటి...

నడవా చివర గదిలో దీపం. చెప్పులు విడిచి, గోడ పట్టుకుని పోయి, తలుపు సందులోంచి చూసింది.

దెయ్యం మిరపకాయ బజ్జీలు తింటోంది!

ఆ కేంద్రం మేనేజరు రామసుబ్బయ్య. దేవపాలు శవపెట్టె మోసినవాడు. సమాధి దగ్గర అందరికంటే గట్టిగా ఏడ్చినవాడు. నూనె వేళ్ళు లుంగీకి తుడుచుకుంటా మీటలు నొక్కుతున్నాడు. పక్కనే ఒక చీటీ — మడతల నిండా ఎండిన గోధుమరంగు మరక. మరక కింద, దీవెనమ్మ తన చేత్తో రాసిచ్చిన పాస్‌వర్డు.

దీవెనమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వెనక్కి వచ్చింది. దేవపాలు పేరు మీద వేలు పెట్టి — కొట్టేసింది. ఫోల్డరులో ఇంకా ఉంది, అన్నమ్మ గొంతు.

చివరి గదిలో మీటల చప్పుడు ఆగింది. కుర్చీ జరిగింది.

"ఎవురాడ?"

"దీవెనమ్మనప్పా."

"ఇంకా పోలేదేంది? ఏం చేస్తాండావు?"

"దేవపాలు పేరు తీసేసినానప్పా. ఇంక ఆయప్ప రాడు."

చివరి గదిలో దీపం ఆరిపోయింది. నూనె వాసన మటుకు... మెల్లగా, నడవా వెంబడి దగ్గరికి వచ్చింది.