నొప్పి లేదన్న దవడ

"నోరు తెరవండి. నెమ్మదిగా. మాట్లాడకుండా."

ఆ మూడో మాటే స్పానర్‌కి కష్టం. ఆసుపత్రిలో మొరాయించిన యంత్రాలన్నీ బాగుచేసేది అతనే కాబట్టి అందరూ స్పానర్ అనే పిలుస్తారు. మోటార్లతో కూడా కబుర్లు చెబుతూ పనిచేసే మనిషి. అలాంటివాణ్ణి తీసుకొచ్చి చిన్న డాక్టర్ ఎదురుగా కూర్చోబెట్టి, మాట్లాడొద్దంటే ఎలా?

పళ్ళ విభాగంలో డాక్టర్లు ఇద్దరే. జుట్టు నెరిసినాయన పెద్ద డాక్టర్, ఈమె చిన్న డాక్టర్. ఆమె అతని చెవి ముందు చల్లటి జెల్ రాసి, దువ్వెనంత ప్రోబ్‌ని దవడ కీలు మీద ఆనించింది. బల్ల మీద పలకంత స్క్రీన్. దవడ కీలు జబ్బుల్ని ఈ చిన్న అల్ట్రాసౌండ్‌తోనే పట్టుకోవచ్చని ఆమె నమ్మకం. పెద్ద స్కాన్ కోసం అంతదూరం రాలేనివాళ్ళ దగ్గరికి దీన్ని చేతిసంచీలో వేసుకుని వెళ్ళిపోవచ్చు. పెద్ద డాక్టర్ మాత్రం, "ముందు బాగున్న దవడల్ని బాగున్నట్టు చూపించమను నీ యంత్రాన్ని, తర్వాత చూద్దాం" అన్నాడు. బాగున్న దవడ ఎవరికుందంటే, అందరికంటే ముందు స్పానరే చెయ్యెత్తాడు.

"నొప్పి గానీ, చప్పుడు గానీ ఉందా?" అని ఆమె అడిగింది.

"అబ్బే, రాయిలా ఉంటుంది."

పచ్చి అబద్ధం. ఆవలిస్తే చాలు, అతని కుడి దవడ టక్కుమంటుంది. ఉందని చెబితే పెద్ద డాక్టర్ గదికి పంపిస్తారు. లేదంటే ఈ కుర్చీ. ఇంకేం ఆలోచిస్తాడు?

"ఇంకొంచెం తెరవండి."

"ఇంతే తెరుచుకుంటుందండీ. చిన్న నోరు."

"అంత మాట్లాడే నోరు ఇంతేనా?" అని ఆమె నవ్వింది. ఇంకాస్త తెరిస్తే చప్పుడు బయటపడుతుందని అతనికి తెలుసు.

స్క్రీన్ వైపు చూడగానే ఆమె నవ్వు ఆగిపోయింది. రెండు ఎముకల మధ్య టోపీలా కూర్చోవలసిన మెత్తటి బిళ్ళ ముందుకు జారిపోయి కనిపిస్తోంది. ప్రోబ్ జరిపి మళ్ళీ చూసింది. అంతే. మర్నాడు రమ్మంది. మర్నాడూ అంతే. స్పానర్‌కి మాత్రం పండగలా ఉంది. జెల్ తుడుచుకుంటూ కాసేపు, తుడిచేశాక కాసేపు కబుర్లు.

"ఇంట్లో కూడా ఇలాగే మాట్లాడతారా?"

"ఇంట్లో అక్క మాట్లాడుతుంది, నేను వింటాను. ఆ లోటు ఇక్కడ తీర్చుకుంటున్నాను."

ఒక మధ్యాహ్నం ఆమె ఆ యంత్రాన్ని చేత్తో పట్టుకుని అతని వర్క్‌షాప్‌కే వచ్చింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"దీన్నోసారి చూస్తారా? బాగున్న మనిషికి జబ్బుందంటోంది. రేపు తిరిగి పంపించేయమన్నారు పెద్దాయన."

"ఒకవేళ యంత్రం బాగానే ఉంటే?"

"అప్పుడు తప్పు నా చేతిదే. చూడటం చేతకానప్పుడు జనం మీద ప్రయోగాలు ఎందుకు? ఈ పని వదిలేస్తాను."

అతను విప్పి చూశాడు. అన్నీ సక్రమంగానే ఉన్నాయి. విప్పకముందే ఆ సంగతి తెలుసు. "సాయంత్రం చెబుతాను" అని నసిగాడు గానీ, సాయంత్రం ఆమె గది ముందు నుంచి తలవంచుకుని వెళ్ళిపోయాడు. తనమీద తనకే అసహ్యం వేసింది.

ఇంటికెళ్ళాక అక్కకి అంతా చెప్పేశాడు. అక్క తిట్టలేదు. అందుకే ఇంకా భయం వేసింది.

"నువ్వు మంచివాడిలా కనపడాలా, ఆ పిల్లకి తన చేతి మీద నమ్మకం మిగలాలా? ఏదో ఒకటి తేల్చుకోరా."

"చెబితే ఇక నా మొహం చూడదక్కా."

"చూడకపోతే పోనీ."

పొద్దున్నే వెళ్ళేసరికి యంత్రాన్ని అట్టపెట్టెలో సర్దుతోంది ఆమె. పక్కనే పెద్ద డాక్టర్.

"యంత్రం బాగుంది సార్. ఆవిడ చెయ్యీ బాగుంది" అన్నాడు స్పానర్. "నా దవడే బాగాలేదు."

నోరు పూర్తిగా తెరిచాడు. టక్‌మన్న చప్పుడు గదంతా వినపడింది.

"ఎందుకు దాచావయ్యా?" అన్నాడు పెద్ద డాక్టర్.

"ఈ కుర్చీలో కూర్చోవాలని."

పెద్దాయన ఇద్దరినీ మార్చి మార్చి చూసి, గొంతు సవరించుకున్నాడు. "ఏదమ్మా, మరోసారి పెట్టు. నేనూ చూస్తాను." జారిన బిళ్ళ టక్కుమన్నప్పుడల్లా వెనక్కి వచ్చి కూర్చోవడం తెర మీద స్పష్టంగా కనిపించింది. "సరిగ్గానే చూశావు. పెట్టెలోంచి తీసెయ్" అని వెళ్ళిపోయాడు.

గదిలో ఇద్దరే మిగిలారు.

"మీ మాట నమ్మి, నా కళ్ళని నమ్మడం మానేశాను. తెలుసా మీకు?" అంది ఆమె.

"తెలుసు. అందుకే వచ్చాను."

"యంత్రం పాడైందని ఒక్క మాట అంటే తప్పించుకునేవారు. ఎందుకనలేదు?"

"కొత్తది తెప్పించినా అదే చూపిస్తుంది. అప్పుడు మిమ్మల్ని మీరే తిట్టుకుంటారు. అది నేను చూడలేనండీ."

ఆ తర్వాత కొన్నాళ్ళు అతను పేషెంట్, ఆమె డాక్టర్, అంతే. మెత్తటి తిండి తినమంది, తక్కువ మాట్లాడమంది.

"తక్కువ మాట్లాడటం మందా, శిక్షా?"

"రెండూ."

చిన్న యంత్రం ఊళ్ళు తిరగడం మొదలుపెట్టింది. వైర్లు చూసుకునే వంకతో స్పానరూ వెళ్ళేవాడు, నోరు మూసుకుని. కోపం ఎప్పుడు కరిగిందో ఆమెకే తెలియలేదు. అతను పక్కన లేని రోజు మాత్రం తెలిసేది.

ఒకరోజు అతని దవడ చూస్తూ అడిగింది. "నిద్రలో పళ్ళు నూరుతారా?"

"నిద్రలో ఉంటాను కదా, నాకెలా తెలుస్తుంది?"

"ఎవరూ చెప్పలేదా?"

"అక్కది పక్కగది. ఆవిడకి వినపడదు."

ఆమె ప్రోబ్ తుడిచి పక్కన పెట్టింది. తుడిచినదాన్నే మళ్ళీ తుడిచింది.

"ఆదివారం మీ అక్క ఇంట్లో ఉంటారా?"

"ఉంటుంది. కానీ తనకి తెలియదన్నాను కదండీ."

"తెలియదని తెలుసు. ఇకమీదట రాత్రిళ్ళు ఆ సంగతి నేను చూసుకోవచ్చా అని ఆవిణ్ణి అడగడానికి వస్తాను."